ఫ్రాన్సు కొండపల్లెల్లో చలికాలం చివరి రోజులు: ఒక పాడి ఇంటి కథ

మన పాడి రైతుకు కష్టకాలం ఏదంటే వేసవి అని చిన్నపిల్లలైనా చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో చెరువులు అడుగంటుతాయి. గట్ల మీద గడ్డి మాడిపోతుంది. వరిగడ్డి వాము రోజురోజుకూ తరుగుతుంది. సంఘానికి పోసే పాలు తగ్గుతాయి. ఇంకొక్క నెల గడిస్తే తొలకరి పడుతుందన్న ఆశతో వాము వంక చూస్తూ రోజులు లెక్కపెట్టుకుంటాం.

ఇలాగే గడ్డిని చూసుకుంటూ రోజులు లెక్కపెట్టుకునే పాడి కుటుంబాలు ఫ్రాన్సు దేశపు తూర్పు కొండల్లోనూ ఉన్నాయి. వారికి ఆ కష్టం ఎండ వల్ల రాదు, మంచు వల్ల వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు వారికి మన ఏప్రిల్, మే నెలల వంటివి. ఆ రోజుల్లో ఆ ఇళ్లలో ఏం వండుకుంటారు, పశువులను ఎలా సాకుతారు, సంఘానికి పాలు ఎలా పోస్తారు అన్నది మన సభ్యులకు ఆసక్తి కలిగిస్తుందని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. వారి పాల సంఘాలు ఏడు వందల ఏళ్లకు పైబడినవి. అవి అంతకాలం నిలవడానికి గల కారణం కూడా ఆ చలికాలంలోనే కనబడుతుంది.

జూరా కొండలు

ఫ్రాన్సుకు, స్విట్జర్లాండుకు మధ్య సరిహద్దు వెంట జూరా అనే కొండల వరుస ఉంది. ఫ్రెంచి వైపున ఉన్న ఈ ప్రాంతానికి ఫ్రాంష్-కోంటే అని పేరు. సున్నపురాయి కొండలు, స్ప్రూస్ అనే దేవదారు వంటి చెట్ల అడవులు, వాటి మధ్య విశాలమైన పచ్చిక మైదానాలు. ఎత్తు పెరిగినకొద్దీ అక్కడ గోధుమ సరిగా పండదు, ద్రాక్ష అసలే పండదు. బాగా పెరిగేది గడ్డి ఒక్కటే. కనుక ఆ పల్లెల బ్రతుకంతా ఆవు మీదనే నడుస్తుంది.

చలి ఎంతటిదో తెలియాలంటే ఒక్క అంకె చాలు. దూ అనే నది పుట్టే చోట మూట్ అనే ఊరు ఉంది. 1968 జనవరి 13వ తేదీన ఆ ఊళ్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 36.7 డిగ్రీలకు పడిపోయింది. అందుకే ఆ ఊరిని ఫ్రాన్సువారు చిన్న సైబీరియా అంటారు. ఏటా అంత చలి రాకపోయినా, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పశువులను బయటికి తోలే వీలుండదు. అంటే దాదాపు ఆరు నెలలు ఆవు కొట్టంలోనే ఉంటుంది. మేత అంతా మనిషి చేతుల మీదుగా అందవలసిందే.

అక్కడి ఆవు మోంబెలియార్డ్ జాతిది. ఒంటి మీద ఎర్రని, తెల్లని మచ్చలు, తెల్లని ముఖం, బలమైన కాళ్లు. ఈ జాతికి ప్రభుత్వ గుర్తింపు 1889లో వచ్చింది. చలికి ఓర్చుకొని, గడ్డి మీదనే మంచి పాలిచ్చే ఆవు ఇది. ఇతర జాతులను తెచ్చి పాలు పెంచే ప్రయత్నం అక్కడివారు చేయరు. దానికి కారణం ముందు ముందు వస్తుంది.

ఒకే కప్పు కింద మనుషులు, ఆవులు, గడ్డి

ఈ కొండల్లోని పాత ఇళ్లు చాలా పెద్దవి. ఒకే వెడల్పాటి కప్పు కింద ఒక పక్క మనుషులు, ఒక పక్క ఆవులు ఉంటారు. పైన అటకంతా ఎండుగడ్డి. ఇంటి వెనుక ఏటవాలుగా మట్టి గట్టు కట్టి, దాని మీదుగా గడ్డి బండిని నేరుగా అటక మీదికే తోలేవారు. తరువాత కావలసినప్పుడు గడ్డిని పైనుంచి ఆవుల ముందుకు తోసేవారు. మోకాలి లోతు మంచులో బయటికి అడుగు పెట్టకుండా పాలు పితికి, మేత వేసి రావచ్చు. ఆవుల ఒంటి వేడి గోడ అవతలి గదికి తగిలేది. పైనున్న గడ్డి చలిని లోపలికి దిగనిచ్చేది కాదు. గాలి, మంచు కొట్టే వైపు గోడలకు సన్నని చెక్క పెంకులు కొట్టి రక్షణ కల్పించేవారు.

ఆ ఇళ్ల నడుమ టుయే అనే గది ఒకటి ఉండేది. అది గదీ కాదు, పొగగొట్టమూ కాదు. రెండూ కలిసినట్టుంటుంది. నాలుగు గోడలు పైకి పోయినకొద్దీ దగ్గరవుతూ కప్పును దాటి పోతాయి. దాని కింద మంట, మంట మీద పొగలో వేలాడుతూ పంది మాంసపు సాసేజీలు. స్ప్రూస్, ఫర్ చెట్ల కట్టె పొగలో నెమ్మదిగా పొగబారిన మోర్టో సాసేజి ఇప్పటికీ ఆ ప్రాంతపు పేరున్న ఆహారం. మనం మామిడికాయ ముక్కలను ఎండబెట్టి నిలవ చేసుకున్నట్టు, వారు మాంసాన్ని పొగబెట్టి నిలవ చేసుకుంటారు. మనకు ఎండ ఉంది, వారికి పొగ ఉంది.

ఇప్పుడు పరిస్థితి మారింది. చాలా కుటుంబాలు ఆవులకు ఇంటికి కొంత దూరంలో గాలి వెలుతురు వచ్చే పెద్ద కొట్టాలు కట్టుకున్నాయి. యంత్రాలతో పాలు పితుకుతున్నాయి. కొందరు కొట్టం కప్పు కింద ఎండకు వేడెక్కిన గాలిని పంకాతో గడ్డి కిందికి పంపి, పచ్చగా ఉండగానే ఆరబెట్టుకుంటున్నారు. అయినా పాత ఇళ్లు చాలావరకు నిలిచే ఉన్నాయి, వాటిలో కాపురాలూ ఉన్నాయి.

తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా

ఫిబ్రవరి మొదట్లో అక్కడ ఎనిమిది కావస్తుంటే గాని పొద్దు పొడవదు. అంతకు రెండు గంటల ముందే ఇంట్లో దీపాలు వెలుగుతాయి. ముందు పొయ్యిలో కట్టె వేస్తారు. తరువాత కొట్టంలోకి వెళతారు. పొదుగు శుభ్రంగా తుడిచి, తొలి ధారలు చూసి, యంత్రం తగిలిస్తారు. పాలు పితకడం రోజుకు రెండుసార్లు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆవు తనకు తోచినప్పుడు వెళ్లి పాలిచ్చే మరమనిషి యంత్రాలు ఐరోపాలో వ్యాపించినా ఈ ప్రాంతపు సంఘాలు వాటిని అనుమతించలేదు.

పాలు పితికాక దూడలకు పాలు పట్టడం, పేడ తీయడం, రాత్రి పడిన మంచును పారతో వాకిలి నుంచి ఎత్తి పోయడం జరుగుతుంది. ఇది వాకిలి అందం కోసం చేసే పని కాదు. పాల లారీ లోపలికి రావాలంటే దారి తెరిచి ఉండాలి. పాలు పోయే దారి మూసుకుపోతే ఆ రోజు శ్రమంతా వృథా.

చలికాలంలో ఈనే ఆవులు కూడా ఉంటాయి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, అర్ధరాత్రి మరొకసారి కొట్టంలోకి వెళ్లి చూడి ఆవును చూసి రావడం ఆ ఇళ్లలో మామూలు. పుట్టిన దూడను గడ్డితో రుద్ది ఆరబెడతారు. ఆ తరువాత ముర్రుపాలు పడతారు. ఈ ఒక్క విషయంలో ఏ దేశపు పాడి ఇల్లయినా ఒకటే.

ఆరు నెలలు ఒకేచోట నిలబడే ఆవుకు గిట్టలు పెరుగుతాయి. అందుచేత మంచు కాలం వెళ్లేలోగా గిట్టలు కోయించడం కూడా ఆ రోజుల పనుల్లో ఒకటి.

ఇంత పని ఒక్కరు ఏడాది పొడవునా చేయలేరు. కనుక 1962లో వచ్చిన చట్టం ప్రకారం అన్నదమ్ములు, తండ్రీకొడుకులు, ఇరుగుపొరుగువారు తమ పొలాలను, పశువులను కలిపి ఉమ్మడి సేద్యం చేసుకునే ఏర్పాటు ఆ దేశంలో ఉంది. దానివల్ల ఒకరు కొట్టంలో ఉంటే మరొకరు ఒక ఆదివారం విశ్రాంతి తీసుకోగలుగుతారు. ఇక ఇంటి ఇల్లాలు భర్తతో సమానంగా పాలు పితికినా, చాలాకాలం ఆమె పనికి కాగితం మీద గుర్తింపు ఉండేది కాదు. 1999 వ్యవసాయ చట్టం సేద్యంలో సహకరించే జీవిత భాగస్వామికి ప్రత్యేక హోదా కల్పించింది. పాస్‌బుక్కు ఎవరి పేర ఉంది, పాలు ఎవరు పితుకుతున్నారు అన్న ప్రశ్న మన సంఘాల్లోనూ ఉన్నదే గదా.

వంటింట్లో

చలికాలంలో ఇంటి మొత్తానికి వెచ్చని చోటు వంటిల్లు. పిల్లలు బడి నుంచి వచ్చి పాఠాలు చదువుకునేది, పెద్దలు సంఘం లెక్కలు చూసుకునేది కూడా పొయ్యి దగ్గరే. ఉదయం పెద్ద గిన్నె నిండా పాలు కలిపిన కాఫీ, రొట్టె, వెన్న, వేసవిలో చేసి పెట్టుకున్న పండ్ల జామ్. మధ్యాహ్నం బంగాళాదుంపలు, క్యాబేజీ, సాసేజి. రాత్రి పాలు పితికి వచ్చాక వేడివేడి చారు వంటి సూపు, రొట్టె, చీజ్. ఫిబ్రవరి నాటికి తోటలో పచ్చికూర ఏమీ ఉండదు. దుంపలు, ఉల్లి, క్యారెట్లు నేలమాళిగలోంచి తెచ్చుకుంటారు.

ఫిబ్రవరి 2వ తేదీన షాందెలర్ అనే పండుగ వస్తుంది. ఆ రోజు ప్రతి ఇంట్లో పాలు, గుడ్లు, గోధుమపిండి కలిపి పలుచని అట్లు పోస్తారు. వీటిని క్రేప్ అంటారు. ఒక చేతిలో నాణెం పట్టుకొని, రెండో చేత్తో పెనాన్ని ఎగరేసి అట్టును తిరగవేస్తే ఆ ఏడాది ఇంట్లో డబ్బుకు లోటు ఉండదని నమ్మకం. అట్టు నేలపాలైతే పిల్లలకు నవ్వులు.

ఇక పాల వంటకాలు రెండు చెప్పుకోవాలి. మొదటిది కాంకోయోట్. వెన్న తీసిన పాలను విరగ్గొట్టి, ఆ ముద్దను మాగబెట్టి, కొంచెం నీరు, వెన్న వేసి కరిగిస్తే జారుగా వచ్చే చీజ్ ఇది. వెన్న అమ్ముకోగా మిగిలిన పాలను పారేయకుండా ఇల్లు గడుపుకున్న పేదల వంట. ఇప్పుడు దుకాణాల్లో డబ్బాల్లో అమ్ముతున్నారు.

రెండోది మోం దోర్. దీని పుట్టుక వెనుక చలికాలమే ఉంది. చలికాలంలో పాలు తగ్గి, మంచు వల్ల పదిళ్ల పాలు ఒకచోటికి చేర్చడం కష్టమైనప్పుడు పెద్ద చీజ్ చేయడం కుదిరేది కాదు. అప్పుడు ఉన్న కొద్ది పాలతో చిన్న మెత్తని చీజ్ చేసి, అది జారిపోకుండా చుట్టూ స్ప్రూస్ చెట్టు బెరడు పట్టీ కట్టేవారు. ఇప్పటికీ నియమం ప్రకారం దీన్ని ఆగస్టు 15 నుంచి మార్చి 15 వరకే తయారు చేస్తారు. చెక్క పెట్టెతో సహా పొయ్యిలో వేడిచేసి, ఉడికిన బంగాళాదుంపల మీద పోసుకొని తింటారు. మార్చి 15 వచ్చిందంటే ఈ చీజ్ పని ఆగినట్టు, చలికాలం చివరి మలుపు తిరిగినట్టు.

ఒక్క ఇంటి వల్ల కాని పని

పైన చెప్పిన పెద్ద చీజ్ పేరు కోంటే. ఇది బండిచక్రం ఆకారంలో, సుమారు 40 కిలోల బరువుంటుంది. ఒక్క చక్రం తయారు కావడానికి సుమారు 400 లీటర్ల పాలు కావాలి. రోజుకు 20 లీటర్లిచ్చే ఆవులు 20 ఉంటే గాని ఒక్కరోజులో ఒక్క చక్రం రాదు. పూర్వం ఒక్కో ఇంటికి కొద్దిపాటి ఆవులే ఉండేవి, ఒక్కో ఆవు ఇచ్చే పాలూ తక్కువే.

ఇంతకీ అంత పెద్ద చీజ్ ఎందుకు? ఆరు నెలల మంచులో ఇల్లు గడవాలి గనుక. వేసవిలో గడ్డి పుష్కలంగా ఉన్నప్పుడు వచ్చే పాలు ఒక్కరోజు కూడా నిలవ ఉండవు. పెరుగు, వెన్న కొన్నాళ్లుంటాయి. పెద్ద చక్రంగా చేసి మాగబెట్టిన చీజ్ మాత్రం నెలల తరబడి చెడదు. దూర పట్టణాలకు బండి మీద పంపి అమ్ముకోవచ్చు. అంటే వేసవి పాలను చలికాలానికి దాచుకునే గాదె ఆ చక్రం. ఆ గాదెను ఒక్క ఇల్లు నింపలేదు. అందుచేత పల్లె అంతా పాలు కలిపింది. ఇలా పాలు కలిపి చీజ్ చేసే సంఘాల ప్రస్తావన ఆ ప్రాంతపు 13వ శతాబ్దపు పత్రాలలోనే ఉంది. ఈ సంఘాన్ని అక్కడ ఫ్రుయిటియేర్ అంటారు.

మొదట్లో పద్ధతి ఇలా ఉండేది. ఇళ్లవారు ఒకరికొకరు పాలు బదులిచ్చుకునేవారు. ఎవరి ఖాతాలో పాలు ఎక్కువ జమ అయితే ఆ రోజు చక్రం వారిది. లెక్కకు కాగితం లేదు. ఒక కర్రను నిలువునా రెండుగా చీల్చి, రెండు ముక్కలూ కలిపి పట్టుకొని గంటు పెట్టేవారు. ఒక ముక్క సంఘం దగ్గర, ఒక ముక్క రైతు దగ్గర. రెండూ కలిపి చూస్తే గంట్లు సరిపోవాలి. ఒకరు రహస్యంగా మరో గంటు పెడితే ఇట్టే దొరికిపోతారు. అదే వారి పాస్‌బుక్కు.

తరువాతి కాలంలో పల్లె నడుమ చీజ్ ఇల్లు కట్టారు. తయారీదారుని సంఘమే జీతానికి పెట్టుకుంది. ఉదయం, సాయంత్రం ఇంటింటి నుంచి క్యాన్లు వీపు మీద మోసుకొని, కుక్కలు లాగే బండ్ల మీద, మంచు కాలంలో జారుబండ్ల మీద వచ్చేవారు. పాలు పోయడానికి వచ్చినచోటే ఊరి కబుర్లన్నీ. ఎవరి ఆవు ఈనింది, ఎవరి అమ్మాయికి సంబంధం కుదిరింది, ఎవరి గడ్డి అయిపోవచ్చింది, అన్నీ అక్కడే తెలిసేవి. ఇప్పుడు చాలాచోట్ల లారీయే ఇంటికి వచ్చి పాలు తీసుకుపోతున్నది. పాలు పోసేచోట కలుసుకునే అలవాటు పోయిందని పెద్దవాళ్లకు బాధ.

ఈ రోజు ఆ ప్రాంతంలో ఇలాంటి చీజ్ ఇళ్లు నూటికి పైగా ఉన్నాయి, వాటికి పాలు పోసే పాడి క్షేత్రాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. 1958లో కోంటే పేరుకు చట్టరక్షణ వచ్చింది. ఆ పేరుతో అమ్మాలంటే పాలు మోంబెలియార్డ్, ఫ్రెంచి సిమెంటాల్ అనే రెండు జాతులవే కావాలి. ఆ పాలు చీజ్ ఇంటి చుట్టుపక్కల, 25 కిలోమీటర్ల వ్యాసంగల వలయంలోనివే కావాలి. పితికిన 24 గంటల లోపల తయారీ మొదలు కావాలి. చీజ్ కనీసం 120 రోజులు స్ప్రూస్ చెక్కల మీద మాగాలి. చక్రాలకు 20 మార్కులకు పరీక్ష పెడతారు. 12 కన్నా తక్కువ వస్తే కోంటే అన్న పేరే పెట్టకూడదు. చీజ్‌కు వచ్చిన ధరను బట్టి సభ్యుని పాలకు ధర కడతారు. మామూలు పాలకన్నా ఈ పాలకు ఎక్కువ ధర పలుకుతుంది.

పాతరగడ్డి ఎందుకు వేయరు

ఈ చీజ్‌ను పచ్చిపాలతోనే చేస్తారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. మన పాల ప్యాకెట్ మీద కనిపించే పాశ్చురైజేషన్ అనే మాటకు మూలపురుషుడు లూయీ పాశ్చర్ పుట్టింది ఈ జూరా ప్రాంతంలోనే, దోల్ పట్టణంలో 1822లో. ఆయన పెరిగిన ఊరు ఆర్బువా కూడా అక్కడిదే. ఆయన సొంత గడ్డ మీదనే పాలను పాశ్చురైజ్ చేయకుండా చీజ్ చేస్తున్నారు. రాగి తొట్టిలో పాలను వెచ్చచేసి, తోడు, రెన్నెట్ వేసి గడ్డ కట్టిస్తారు. ఆ గడ్డను గోధుమ గింజంత ముక్కలుగా కోసి, 53 డిగ్రీలకు తగ్గకుండా అరగంట వేడిచేస్తారు. తరువాత తేటనీరు పిండేసి, నెలల తరబడి మాగబెడతారు. పరీక్షలు, పరిశుభ్రత, ఈ వేడి, మాగుడు కలిసి దానిని నిలబెడుతున్నాయి. అంతేగాని పచ్చిపాలు మంచివని మేము చెప్పడం లేదు. మన ఇళ్లలో పాలు కాచుకునే తాగాలి.

పచ్చిపాలతో, నెలల తరబడి మాగబెట్టి చేసే పని కనుక మేత విషయంలో ఒక నియమం కఠినంగా ఉంది. పాలిచ్చే మందకు పాతరగడ్డి, అంటే సైలేజి, ఏడాదిలో ఏ రోజూ వేయకూడదు. ప్లాస్టిక్ చుట్టి పులియబెట్టిన గడ్డి చుట్టలూ పనికిరావు. ఎండుగడ్డి మాత్రమే వేయాలి.

కారణం ఇది. మట్టిలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పాతరగడ్డిలో పెరిగే వీలుంది. అది గింజ వంటి గట్టి కవచం కట్టుకొని ఆవు కడుపులోంచి పేడలోకి, పేడలోంచి పొదుగు మీదికి, అక్కడి నుంచి పాలలోకి వస్తుంది. చీజ్ చేసేటప్పటి వేడికి అది చావదు. పాశ్చురైజేషన్ వేడికి కూడా చావదు. చక్రం మాగుతున్న నెలల్లో అది మెల్లగా మేలుకొని వాయువు పుట్టిస్తుంది. చక్రం ఉబ్బుతుంది, పగులుతుంది, లోపల చెడ్డ వాసన వేస్తుంది. ఇది చేసిన రోజున కనపడదు. ఎన్నో వారాల తరువాత, ఎన్నో చక్రాలు మాగుడుగదిలోకి చేరాక బయటపడుతుంది.

ఒక్క ఇల్లు తప్పు చేసినా దాని పాలు తొట్టిలో అందరి పాలతో కలుస్తాయి. నష్టం పోసినవారందరిదీ. నీళ్లు కలిపిన ఒక్క క్యాను మంచి పాలన్నిటినీ చెడగొట్టే సంగతి మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ నియమం మాగబెట్టే పెద్ద చీజ్ కోసం పెట్టినది. మన పాలు ప్యాకెట్‌కు, పెరుగుకు, నెయ్యికి పోతాయి. మనకు పాతరగడ్డి వేసవిలో ఎంతో ఉపకారి. ఇది చదివి పాతర వేయడం ఎవరూ మానుకోవద్దని మనవి.

మార్చి నెలలో గడ్డి లెక్క

ఇప్పుడు అసలు కష్టం అర్థమవుతుంది. ఒక ఆవుకు రోజుకు 15 కిలోల ఎండుగడ్డి అనుకుందాం. 180 రోజులకు 2,700 కిలోలు. 40 ఆవులున్న ఇంటికి 108 టన్నులు. ఇదంతా వేసవిలో వాన లేని నాలుగైదు రోజులు చూసుకొని కోసి, ఎండబెట్టి, చేర్చుకున్నదే. ఆ వేసవి వానలతో పోయినా, ఎండలతో పోయినా ఆ లోటు బయటపడేది మార్చిలోనే. 2018 వేసవిలో, మళ్లీ 2022 వేసవిలో అక్కడ తీవ్రమైన కరువు వచ్చింది. పచ్చికలు మాడి, చలికాలానికి దాచిన గడ్డిని ఆగస్టులోనే తీయవలసి వచ్చింది.

అటువంటి ఏడాది చివరి చలిలో ఇంటాయన అటక వంక చూస్తే రెండు నెలల మేత ఉండవలసిన చోట ఒక నెలదే ఉంటుంది. పక్క ప్రాంతాల్లో పాతరగడ్డి దొరుకుతుంది, ధరా అందుబాటులోనే ఉంటుంది. వేస్తే ఎవరు చూడవచ్చారు అన్న ఆలోచన మనిషికి రాకపోదు. అయినా వేయరు. వయసు మళ్లిన ఆవును ముందే అమ్ముతారు. చూడి ఆవులను కొంచెం ముందుగా వట్టిపోనిస్తారు. పాలు తగ్గినా ఓర్చుకుంటారు. ఖరీదైనా సరే ఎండుగడ్డి కొంటారు. గడ్డిలో ఎక్కువ భాగం తమ పొలానిదే కావాలన్న నియమం కూడా ఉంది గనుక కొనడానికీ హద్దుంది. ఎక్కువ పాలు కోసం మందను ఇష్టం వచ్చినట్టు పెంచకుండా, వేరే జాతులు తేకుండా ఉండటంలోని వివేకం ఇప్పుడు తెలుస్తుంది. మందను గడ్డికి సరిపెట్టుకోవాలి గాని, గడ్డిని మందకు సాగదీయలేము.

చలికాలపు మరో చిక్కు పేడ. ఆరు నెలల పేడ, మూత్రం గుంటలో నిండి ఉంటుంది. గడ్డకట్టిన నేల మీద, మంచు మీద దానిని చల్లకూడదు. సున్నపురాయి నేల కావడంతో నీరు రంధ్రాల గుండా నేరుగా నదుల్లోకి దిగుతుంది. 2010 ప్రాంతంలో అక్కడి లూ నదిలో చేపలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. ఆ నీటి కాలుష్యంలో పశువుల పేడకూ వాటా ఉందన్న మాట గట్టిగా వినబడింది. పేరున్న చీజ్ తినేవారు ఆ నది నీటినీ చూస్తారు. కనుక గుంట పెద్దదిగా కట్టుకొని, నేల కరిగి గడ్డి మొలిచేదాకా ఆగడం నేర్చుకుంటున్నారు.

కట్టెలు, కొయ్యపని, గడియారాలు

చలికాలమంతా కాలిన కట్టెలు ఎక్కడివి? పల్లె ఉమ్మడి అడవిలో పొయ్యి ఉన్న ప్రతి ఇంటికీ కట్టె వాటా కోరే హక్కు ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. దానిని అఫువాజ్ అంటారు. నరకవలసిన చెట్లను గుర్తుపెట్టి, వాటాలు వేసి, చీట్లు తీసి పంచుతారు. కొద్ది రుసుము కట్టి ఎవరి వాటా వారు చలికాలంలో కొట్టి తెచ్చుకుంటారు. ఈ ఏడు కొట్టింది ఈ ఏడు కాల్చరు. పచ్చికట్టె పొగే గాని వేడి ఇవ్వదు గనుక ఏడాది, రెండేళ్లు ఆరబెడతారు.

మంచులో పొలం పని లేని రోజులను పూర్వం వృథా పోనిచ్చేవారు కాదు. ఇంట్లోనే కొయ్య చెక్కేవారు, గడియారపు భాగాలు తయారుచేసేవారు. మోరె అనే ఊళ్లో 1796 నుంచి కళ్లద్దాల ఫ్రేములు చేయడం మొదలైంది. సెం క్లోద్ పొగాకు పైపులకు పేరుపొందింది. ఈ రోజు అదే చేతిపని మరో రూపంలో పల్లెను ఇబ్బంది పెడుతున్నది. సరిహద్దు దాటితే స్విస్ గడియారాల కర్మాగారాలున్నాయి, అక్కడ జీతాలు చాలా ఎక్కువ. రోజూ ఉదయం ఎందరో కారులో సరిహద్దు దాటి సాయంత్రం తిరిగివస్తారు. తెల్లవారుజామున లేచి ఆవుల కింద కూర్చునే పనికి తరువాతి తరాన్ని నిలబెట్టడమెలా అన్నది వారి సంఘాల ముందున్న ప్రశ్న. పాలకు మంచి ధర రావడం వల్లనే కొంతవరకైనా నిలబడుతున్నారు.

తలుపులు తెరిచే రోజు

మార్చి గడిచినకొద్దీ కప్పుల మీది మంచు చుక్కలు చుక్కలుగా కారుతుంది. పగలు నేల బురద, రాత్రి మళ్లీ గడ్డ. ఆవులు కూడా వాసన పట్టి తలుపు వైపు చూసి అరుస్తాయి. మంచు బరువుకు విరిగిన కంచె గుంజలను మార్చడం, తీగలు బిగించడం, ఎలుకలు తవ్వి పోసిన మట్టికుప్పలను చదును చేయడం ఈ రోజుల్లో జరిగే పనులు. ఏప్రిల్ చివర, కొన్ని ఎత్తయిన చోట్ల మేలో, ఆవుల మెడకు గంటలు కట్టి బయటికి వదులుతారు. పెద్ద ఆవులు కూడా దూడల్లా తోక ఎత్తి గంతులు వేస్తాయి. ఇంటిల్లిపాది చూడటానికి వస్తారు.

ఆవు పచ్చిక మేసిన కొద్దిరోజులకే చీజ్ రంగు మారుతుంది. చలికాలపు ఎండుగడ్డి పాలతో చేసిన చక్రం లేత దంతపు రంగులో ఉంటుంది. పచ్చగడ్డి పాల చక్రం పసుపు తిరుగుతుంది. పచ్చగడ్డిలో ఉండే కెరోటీన్ వల్ల వచ్చే తేడా ఇది. నెలల తరువాత ఎక్కడో పట్టణంలో చక్రం కోసినవారు, ఆ పాలు మంచు కాలపువో, పచ్చిక కాలపువో రంగు చూసి చెప్పగలరు. అటక మీద గడ్డి అడుగంటిన రోజుల్లో కూడా నియమం తప్పకుండా పోసిన పాలు ఆ లేతరంగు చక్రంలో ఉన్నాయి.

ఏడు వందల ఏళ్లుగా ఆ సంఘాలు నిలవడానికి కారణం భవనాలు కావు, యంత్రాలు కావు. పాలు పుష్కలంగా ఉన్న రోజున అందరూ సంఘానికి పోస్తారు. మేత కొరవడిన రోజున ప్రతి ఇల్లూ ఏం చేస్తుందన్నదే సంఘానికి అసలు పరీక్ష. ఆ పరీక్ష వారికి మార్చిలో వస్తుంది, మనకు మే నెలలో వస్తుంది. మన గడ్డివాము, మన పాతర, మన చెరువుగట్టు పశుగ్రాసం వేసవి రాకముందే ఒకసారి లెక్క చూసుకోవలసిందిగా సభ్యులందరికీ మా మనవి.